దాచినా దాగని పేలుడు

1945 చివరి నెలల్లో అమెరికాలోని ఈస్ట్‌మన్ కొడాక్ కంపెనీకి వింత ఫిర్యాదులు రావడం మొదలైంది. కొత్త ఎక్స్‌రే ఫిల్ము పెట్టె విప్పి, ఫొటో తీసి, కడిగి చూస్తే దానిమీద ఉండకూడని చుక్కలు. ఫిల్ముకు వెలుతురు తగల్లేదు. గడువూ దాటలేదు. పెట్టెలో ఉండగానే దాన్ని ఏదో తాకింది.

కొడాక్‌కు ఇలాంటి తలనొప్పి అంతకుముందూ ఉంది. యుద్ధకాలంలో చీకట్లో మెరిసే మీటర్లకు రేడియం పూసే కర్మాగారాల చిత్తుకాగితం అట్టల తయారీలోకి చేరి ఫిల్ముల్ని పాడుచేసేది. అందుకే ఆ కంపెనీ తన అట్టల ముడిసరుకు మీద గట్టి నిఘా పెట్టుకుంది. జూలియన్ వెబ్ అనే కొడాక్ భౌతిక శాస్త్రవేత్త ఈసారి కూడా రేడియం మీదే అనుమానంతో మొదలుపెట్టాడు. కొలిస్తే లెక్క కుదరలేదు. రేడియం సగానికి తగ్గాలంటే 1,600 ఏళ్లు పడుతుంది. ఈ పదార్థం నెల రోజులకే సగమైపోతోంది. ఫిల్ముల మధ్య పెట్టిన గడ్డి అట్ట ఇండియానా రాష్ట్రంలోని విన్సెన్స్ ఊళ్లో, వాబాష్ నది ఒడ్డునున్న మిల్లులో తయారైంది. మిల్లుకు నీళ్లు ఆ నదివే. ఆ నీళ్లలోకి వానతోపాటు సీరియం-141 దిగింది. అది ప్రకృతిలో దొరికేది కాదు, అణువిస్ఫోటనంలో పుట్టేది.

1945 జులై 16 తెల్లవారుజామున న్యూమెక్సికో ఎడారిలో, అత్యంత రహస్యంగా, మానవజాతి మొదటి అణుబాంబు పేలింది. ఆ పరీక్ష పేరు ట్రినిటీ. విన్సెన్స్ అక్కడికి 1,600 కిలోమీటర్లకు పైగా దూరం. వెబ్ ఈ రెండింటినీ కలిపి అర్థం చేసుకున్నాడు గానీ, తన పరిశోధనను అచ్చువేయడానికి 1949 దాకా ఆగాడు.

ఆ తర్వాత ప్రపంచంలో 2,000కు పైగా అణుపరీక్షలు జరిగాయి. వాటిలో 500కు పైగా బయటి గాలిలో జరిగినవే. దాదాపు ప్రతి పరీక్షా ఎక్కడో ఒకచోట ఆనవాలు వదిలింది: పాలలో, పళ్లలో, చెట్ల వలయాల్లో, రాతిలో, బ్యాంకు రుణాల ఫైళ్లలో. మనుషులకు హాని చేసింది ఆ ఆనవాళ్లే. పరీక్ష చేసిన దేశాన్ని పట్టిచ్చిందీ అవే. నా ఉద్దేశంలో అణుపరీక్షల చరిత్రను ఈ రెండువైపులా కలిపి చదవాలి. పర్యావరణం ఒక అధ్యాయం, ఆర్థికం ఒక అధ్యాయం, భద్రత ఇంకొకటి అని విడగొడితే అసలు కథ జారిపోతుంది.

మేఘంలో ఏముంటుంది

యురేనియం లేదా ప్లుటోనియం కేంద్రకం పగిలినప్పుడు రెండు ముక్కలవుతుంది. ప్రతిసారీ అవే రెండు ముక్కలు రావు. ఒకసారి సీరియం, ఇంకోసారి అయోడిన్, మరోసారి స్ట్రాన్షియం. కోటానుకోట్ల కేంద్రకాలు ఒక్క రెప్పపాటులో పగిలేసరికి వందల రకాల రేడియోధార్మిక పదార్థాలు పుడతాయి. పగలకుండా మిగిలిన ప్లుటోనియం వాటితో కలుస్తుంది. పేలుడు నుంచి దూసుకొచ్చే న్యూట్రాన్లు చుట్టూ ఉన్న మట్టినీ గాలినీ తాకి, అప్పటిదాకా మామూలుగా ఉన్న పరమాణువుల్ని కూడా రేడియోధార్మికం చేస్తాయి.

ఇవన్నీ మొదట ఆవిరి రూపంలో ఉంటాయి. అగ్నిగోళం నేలను తాకేంత కిందుగా ఉంటే, మట్టి కూడా కరిగి పైకి లేస్తుంది. చల్లబడేటప్పుడు ఆ మట్టి రేణువుల మీద రేడియోధార్మిక పదార్థాలు పూతలా పేరుకుంటాయి. ఇసుకరేణువు సైజు ఉన్నవి కొన్ని గంటల్లో, గాలి వీచే దిక్కుకు వందల కిలోమీటర్ల లోపు రాలిపోతాయి. సన్నటివి మేఘాల ఎత్తులో వారాల తరబడి తిరిగి, ఎక్కడ వాన పడితే అక్కడ దిగుతాయి. అందుకే అణుధూళి మ్యాపు గీస్తే అది గుండ్రంగా రాదు. వందల కిలోమీటర్ల అవతల గాలివాన పడిన జిల్లా, పేలుడుకు దగ్గరగా ఉన్న పొడి జిల్లా కంటే ఎక్కువ మలినమవుతుంది. విన్సెన్స్ మిల్లుకు జరిగింది అదే.

హైడ్రోజన్ బాంబు సంగతి వేరు. దాని మేఘం వాన మేఘాల్ని దాటి స్ట్రాటోస్ఫియర్‌లోకి చొచ్చుకుపోతుంది. అక్కడ వాన ఉండదు, కడిగేది ఏదీ లేదు. ఏడాదీ, అంతకన్నా ఎక్కువా అక్కడే తిరిగి, వసంతకాలాల్లో మెల్లగా కిందికి దిగుతుంది. సోవియట్ యూనియన్ 1961 అక్టోబర్ 30న నోవాయా జెమ్ల్యా ద్వీపంలో 50 మెగాటన్నుల బాంబు పేల్చింది. అప్పటినుంచి ఉత్తరార్ధగోళంలో ఏ దేశమూ నేను దూరంగా ఉన్నానని అనుకునే వీలు లేకపోయింది.

ఒక లిథియం పొరపాటు

1954 మార్చి 1న పసిఫిక్ మహాసముద్రంలోని మార్షల్ దీవుల్లో, బికినీ పగడపు దిబ్బ మీద అమెరికా బ్రావో అనే పరీక్ష చేసింది. దాని శక్తి సుమారు 6 మెగాటన్నులు ఉంటుందని లెక్కవేశారు. 15 మెగాటన్నులైంది. హిరోషిమా బాంబుకు వెయ్యి రెట్లు.

లెక్క ఎందుకు తప్పింది? బాంబు ఇంధనంలో రెండు రకాల లిథియం ఉంది. లిథియం-6 న్యూట్రాన్‌ను తీసుకుని ట్రిటియంగా మారుతుందనీ, ఆ ట్రిటియమే సంలీనానికి ఇంధనమనీ రూపకర్తలకు తెలుసు. ఇంధనంలో సగానికి పైగా ఉన్న లిథియం-7 మాత్రం ఊరికే పడి ఉంటుందనుకున్నారు. అంత వేగంగా దూసుకొచ్చే న్యూట్రాన్ల ముందు అది ఊరుకోలేదు. అదీ విరిగి ట్రిటియం ఇచ్చింది, పైగా ఒక న్యూట్రాన్‌ను కూడా వదిలింది. ప్రపంచంలోకెల్లా గొప్ప భౌతిక శాస్త్రవేత్తలున్న ప్రాజెక్టులో జరిగిన తప్పు ఇది. పరీక్ష ఎందుకు చేస్తారంటే తెలియనిది తెలుసుకోవడానికే కదా అని ఎవరైనా అనవచ్చు. నిజమే. ఆ తెలుసుకోవడానికి అయిన ఖర్చు ఎవరి ఖాతాలో పడిందన్నదే ప్రశ్న.

బికినీకి తూర్పున సుమారు 150 కిలోమీటర్ల దూరంలో రొంగెలాప్ దీవి ఉంది. అక్కడ ఆరోజు 64 మంది ఉన్నారు. పొడిగా మారిన పగడం తెల్లగా, బూడిదలా ఇళ్ల మీదా నీళ్ల తొట్ల మీదా రాలింది. పిల్లలు అందులో ఆడుకున్నారు. సాయంత్రానికి ఒళ్లు దురదలు, వాంతులు. తర్వాత చర్మం మీద పుండ్లు, జుట్టు రాలడం. అమెరికా నౌక వచ్చి వాళ్లను తీసుకెళ్లింది రెండు రోజుల తర్వాత. ఆనాటికి పదేళ్లలోపున్న పిల్లల్లో ఎక్కువమందికి తర్వాతి సంవత్సరాల్లో థైరాయిడ్ గడ్డలు వచ్చాయి. 1957లో వాళ్లను తిరిగి ఆ దీవికే పంపారు. 1985లో వాళ్లే తమ దీవిని వదిలేశారు. గ్రీన్‌పీస్ వాళ్ల రెయిన్‌బో వారియర్ నౌక అందుకు సాయపడింది.

అదే ధూళి లక్కీ డ్రాగన్ అనే జపాన్ చేపల పడవ మీద కూడా పడింది. 23 మంది సిబ్బందికీ రేడియేషన్ జబ్బు చేసింది. రేడియో ఆపరేటర్ ఐకిచి కుబోయామా అదే ఏడాది సెప్టెంబర్ 23న చనిపోయారు. ట్యూనా చేపలు కొలిస్తే రేడియేషన్ కనిపించింది. జపాన్ చేపల మార్కెట్ కుప్పకూలింది. టన్నుల కొద్దీ సరుకును పారబోశారు. గాడ్జిల్లా సినిమా వచ్చింది ఆ ఏడాది నవంబర్‌లోనే.

బ్రావో జరిగిన నెల రోజులకు, 1954 ఏప్రిల్ 2న, నెహ్రూ పార్లమెంటులో లేచి పరీక్షలు ఎక్కడివక్కడ ఆపాలని పిలుపునిచ్చారు. ఒక ప్రభుత్వాధినేత నుంచి అలాంటి పిలుపు రావడం అదే మొదలు. అంతటితో ఆగక, డి.ఎస్. కొఠారి ఆధ్వర్యంలో అణుపేలుళ్ల ప్రభావాల మీద ఒక గ్రంథం రాయించారు. అది 1956లో అచ్చయింది. ఇరవై ఏళ్ల తర్వాతి భారతదేశం వేరే దారి పట్టిందన్నది తెలిసిందే.

దొంగ కార్డు

ధూళి ఒంటి మీద పడితే కడుక్కోవచ్చు. అసలు ప్రమాదం అది ఒంట్లోకి వెళ్లడంలో ఉంది. ఎలా వెళుతుంది?

రేషన్ షాపులో డీలరు కార్డు చూసి బియ్యం కొలుస్తాడు. కార్డు తెచ్చిన మనిషి ఎవరో ఆయన ఆరా తియ్యడు. మన శరీరమూ అంతే. ఒక మూలకాన్ని అది రసాయన గుణాన్ని బట్టి గుర్తుపడుతుంది. కేంద్రకంలో ఏముందో, అది రేపు పగులుతుందో లేదో దానికి పట్టదు. స్ట్రాన్షియం గుణం కాల్షియంకు దగ్గర. ఆవర్తన పట్టికలో ఒకే నిలువు వరుస. కాబట్టి కాల్షియం కార్డు మీద స్ట్రాన్షియం-90 ఎముకల్లోకి, పళ్లలోకి చేరిపోతుంది. సీజియం-137 పొటాషియం కార్డు మీద కండరాల్లోకి వెళుతుంది. అయోడిన్-131ది దొంగ కార్డు కూడా కాదు, అసలు కార్డే. అయోడిన్‌లో అది ఒక రకం. థైరాయిడ్ గ్రంథికి ఏ అయోడిన్ అయినా అయోడినే.

ఈ దారిలో ఆవు కీలకం. గడ్డి మీద పల్చగా పరుచుకున్న అయోడిన్‌ను ఆవు రోజంతా మేసి, పాలలోకి చేరుస్తుంది. ఒక పెద్ద పచ్చికబయలు మీద పడిన ధూళి ఆ విధంగా ఒక గ్లాసులోకి వస్తుంది. పిల్లలు పాలు ఎక్కువ తాగుతారు. వాళ్ల థైరాయిడ్ చిన్నది. అదే మోతాదు చిన్న గ్రంథిలో పడితే దెబ్బ పెద్దది. అయోడిన్-131 సగం కావడానికి 8 రోజులే పడుతుంది కాబట్టి, ఆ పాలను పొడిచేసి రెండు మూడు నెలలు నిల్వ ఉంచితే పెద్దగా ప్రమాదం ఉండేది కాదు. ఎవరైనా చెప్పి ఉంటే.

> అర్ధాయువు: తక్కువైతే మంచిదా, ఎక్కువైతే మంచిదా?
>
> ఒక రేడియోధార్మిక పదార్థంలో సగం పరమాణువులు మారిపోవడానికి పట్టే కాలాన్ని అర్ధాయువు అంటారు. ఇంకో అర్ధాయువు గడిస్తే మిగిలిన సగంలో సగం. అలా తగ్గుతూ పోతుంది.
>
> అయోడిన్-131కి 8 రోజులు. త్వరగా పోతుంది. పోయేలోపు తన శక్తినంతా వెదజల్లుతుంది గనక మొదటి వారాల్లో అదే అన్నిటికన్నా చేటు. ప్లుటోనియం-239కి 24,100 ఏళ్లు. నెమ్మదిగా మారుతుంది గనక ఏ ఒక్క రోజూ తీవ్రత ఎక్కువుండదు, కానీ దాన్ని కాపలా కాయాల్సిన కాలానికి అంతుండదు.
>
> మనిషిని బాగా ఇబ్బంది పెట్టేవి ఈ రెంటికీ మధ్యవి. స్ట్రాన్షియం-90కి, సీజియం-137కి అర్ధాయువు ముప్పై ఏళ్ల దరిదాపు. అంటే ఒక మనిషి జీవితమంతా చురుగ్గా ఉండే నిడివి.

స్ట్రాన్షియం నిజంగా పిల్లల ఎముకల్లోకి చేరుతోందా అని తేల్చడానికి ఎముక కోసి చూడలేం. 1958 డిసెంబర్‌లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో బ్యారీ కామనర్, లూయిస్ రీస్ వంటి శాస్త్రవేత్తలు, వైద్యులు, తల్లులు కలిసి ఒక ఉపాయం చేశారు. పిల్లలకు ఊడే పాలపళ్లను అడిగారు. పాలపన్ను తల్లి కడుపులో ఉన్నప్పుడూ, పుట్టిన మొదటి నెలల్లోనూ గట్టిపడుతుంది. ఆనాటి కాల్షియంతోపాటు ఆనాటి స్ట్రాన్షియం కూడా అందులోనే ఉండిపోతుంది. పంపిన పిల్లలకు బదులుగా చొక్కాకు పెట్టుకునే ఒక బిళ్ల ఇచ్చారు. 1970 నాటికి 3 లక్షలకు పైగా పళ్లు వచ్చాయి. 1963లో పుట్టిన పిల్లల పళ్లలో స్ట్రాన్షియం-90, 1950లో పుట్టినవాళ్ల కంటే సుమారు 50 రెట్లు ఉంది.

తొలి ఫలితాలు 1961లో అచ్చయ్యాయి. 1963 ఆగస్టు 5న అమెరికా, సోవియట్ యూనియన్, బ్రిటన్ మాస్కోలో సంతకాలు చేసి గాలిలో, నీటిలో, అంతరిక్షంలో పరీక్షలు మానుకున్నాయి. భారత్ ఆ ఒప్పందంలో వెంటనే చేరింది. ఫ్రాన్స్ 1974 దాకా, చైనా 1980 దాకా గాలిలో పేలుస్తూనే ఉన్నాయి. పాలపళ్లే ఒప్పందం చేయించాయనడం అతిశయోక్తి. క్యూబా సంక్షోభం పెట్టిన భయం దానివెనక ఉంది. అయినా, అంతవరకు ప్రభుత్వాల ఫైళ్లలోనే ఉన్న లెక్క ఒకటి ఆ పళ్లవల్ల ఇంటి అరుగు మీదికి వచ్చింది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఐక్యరాజ్యసమితి శాస్త్రీయ సంఘం లెక్కల ప్రకారం 1963లో ప్రపంచ సగటు మనిషికి పరీక్షల వల్ల అందిన మోతాదు 0.11 మిల్లీసీవర్ట్. ప్రకృతి నుంచి ఏటా మనకు ఎలాగూ అందేది 2.4. ఇప్పుడు పరీక్షల వాటా దాదాపు లేనట్టే. కాబట్టి ప్రతి క్యాన్సర్‌నూ బాంబు మీద నెట్టడం సరికాదు. కానీ సగటు అనేది రొంగెలాప్ పిల్లల్ని, అమెరికా పరీక్షలు చేసిన నెవాడా పక్కనున్న యూటా పాడిరైతుల్ని సముద్రంలో కలిపి లెక్కపెడుతుంది. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ నెవాడా పరీక్షల అయోడిన్ మోతాదును జిల్లాలవారీగా లెక్కగట్టి ప్రకటించింది. ఆ ప్రకటన వచ్చింది 1997లో.

గాలిలో మిగిలిన గడియారం

హాని చేయకుండా, లేదా చాలా తక్కువ చేస్తూ, అందరి ఒంట్లోనూ ఉన్న ఆనవాలు ఒకటుంది: కార్బన్-14. న్యూట్రాన్లు గాలిలోని నైట్రోజన్‌ను తాకితే అది పుడుతుంది. ప్రకృతిలోనూ కొంత ఉంటుంది. పరీక్షల వల్ల 1960ల నడుమ ఉత్తరార్ధగోళపు గాలిలో అది దాదాపు రెట్టింపైంది. పరీక్షలు ఆగాక చెట్లూ సముద్రాలూ పీల్చుకుంటూ పోవడంతో ఏటేటా తగ్గుతూ వచ్చింది. ఏ సంవత్సరంలో ఎంత ఉందో తెలుసు గనక, ఒక కణజాలంలో ఎంత ఉందో కొలిస్తే అది ఏ సంవత్సరంలో పెరిగిందో చెప్పవచ్చు.

గుర్తుతెలియని శవం పంటి పింగాణీ నుంచి పుట్టిన సంవత్సరాన్ని కాస్త అటూఇటుగా చెప్పేస్తారు. పట్టుబడిన ఏనుగు దంతాలు పాత నిల్వల్లోవని వ్యాపారులు వాదిస్తే, 2016లో అచ్చయిన పరిశోధన వాటిలో చాలావరకు మూడేళ్లలోపు చంపిన ఏనుగులవేనని తేల్చింది. మనిషి గుండె కండరంలో కణాలు పెద్దయ్యాక కూడా కొద్దికొద్దిగా కొత్తవి పుడతాయని తెలిసింది ఈ గడియారంతోనే. బొగ్గు, పెట్రోలు పొగలో కార్బన్-14 ఉండదు. ఆ పొగ కలిసి కలిసి ఇప్పుడు గాలి మళ్లీ బాంబుల ముందటి స్థాయికి పడిపోయింది, కాబట్టి కొత్త నమూనాలకు ఈ గడియారం తికమక సమయాలు చూపిస్తోంది.

నేలలోకి దిగినా

1963 తర్వాత చాలావరకు పరీక్షలు భూగర్భంలోకి వెళ్లాయి. వందల మీటర్ల లోతున బావి తవ్వి, బాంబు దించి, పైన ఇసుకా కాంక్రీటూ కూరి పేలుస్తారు. చుట్టూ ఉన్న రాయి ఆవిరై ఒక గుహ ఏర్పడుతుంది. కరిగిన రాయి అడుగున చేరి గాజులా గడ్డకడుతుంది. ప్లుటోనియం వంటివి చాలావరకు ఆ గాజులో చిక్కుకుంటాయి. కాసేపటికి గుహ కప్పు కూలి, ఒక్కోసారి నేల మీద గుంట పడుతుంది. అన్నీ సవ్యంగా జరిగితే ధూళి బయటికి రాదు. 1970 డిసెంబర్ 18న నెవాడాలో బేన్‌బెర్రీ అనే పరీక్షలో నేల పగిలి, మేఘం మళ్లీ ఆకాశానికి ఎక్కింది.

ధూళి రాకపోయినా కదలిక ఆగదు. భూకంపంలో రెండు రాతి పలకలు ఒకదానికొకటి ఒరుసుకుంటూ జారతాయి. అందువల్ల మొదటి అల కొన్ని దిక్కులకు తోపుగానూ, కొన్ని దిక్కులకు లాగుడుగానూ చేరుతుంది. పేలుడు మాత్రం అన్ని వైపులకూ తోస్తుంది. మొదటి అలలు పదునుగా ఉండి, వెనక నెమ్మదిగా వచ్చే ఉపరితల అలలు బలహీనంగా ఉంటాయి. పైగా సహజ భూకంపాలు ఎక్కువగా మనిషి తవ్వలేని లోతుల్లో పుడతాయి. 1960ల్లో అమెరికా ఈ తేడాలు పట్టడానికే ప్రపంచమంతా సుమారు 120 భూకంప కేంద్రాలు పెట్టింది. బాంబుల కోసం పెట్టిన ఆ కేంద్రాలు భూకంపాలు ఏ గీతల వెంట వస్తున్నాయో స్పష్టంగా చూపించి, భూఫలకాల సిద్ధాంతానికి గట్టి ఆధారమయ్యాయి.

హిందూపురం నుంచి కర్ణాటక సరిహద్దు దాటితే వచ్చే గౌరిబిదనూరులో మన అణుశక్తి విభాగానికి అలాంటి కేంద్రమే ఉంది. బ్రిటన్ సహకారంతో 1965లో పెట్టారు. అక్కడ భూకంప మాపకాలు ఎల్ ఆకారంలో కిలోమీటర్ల దూరం వరసగా పాతి ఉంటాయి. లారీ పోతే దాని దగ్గరి మాపకం ఒక్కటే కదులుతుంది. సుదూరపు అల అయితే అన్నిటినీ ఒక క్రమంలో తాకుతూ పోతుంది. ఏది ముందు, ఏది తర్వాత అన్న తేడాను బట్టి అల వచ్చిన దిక్కు తెలుస్తుంది.

అది బాంబేనని ఖాయం చేసేది మాత్రం పేలుడులో పుట్టే జెనాన్ అనే వాయువు. దానికి ఏ రసాయన బంధమూ అక్కర్లేదు. ఇందాకటి మాటల్లో చెప్పాలంటే దాని దగ్గర ఏ కార్డూ లేదు. ఎముక తీసుకోదు, గడ్డి తీసుకోదు, రాయి పట్టి ఉంచదు. అందుకే పగుళ్లలోంచి మెల్లగా పైకి వచ్చి గాలిలో కలిసిపోతుంది. ఒంట్లోకి చేరేవి హాని చేస్తే, ఎక్కడా చేరలేనిది సాక్ష్యం చెబుతుందన్నమాట. 2006 అక్టోబర్ 9న ఉత్తర కొరియా చేసిన చిన్న పరీక్ష తాలూకు జెనాన్ రెండు వారాల తర్వాత కెనడాలోని యెల్లోనైఫ్‌లో దొరికింది. 2013 నాటి పరీక్ష వాయువు 55 రోజులకు జపాన్‌లోని తకసాకీలో బయటపడింది.

1996లో సిద్ధమైన సమగ్ర పరీక్షల నిషేధ ఒప్పందం ఈ పద్ధతుల మీదే నిలబడింది. దాని కింద భూకంప తరంగాలు, సముద్రపు శబ్దాలు, చెవికి అందని గాలి తరంగాలు, రేడియోధార్మిక కణాలు వెతికే 321 కేంద్రాలు, 16 ప్రయోగశాలలు ప్రణాళికలో ఉన్నాయి. చాలావరకు పనిచేస్తున్నాయి. ఒప్పందం మాత్రం ఇంకా అమల్లోకి రాలేదు. అమెరికా, చైనా సంతకం చేసి ఆమోదించలేదు. భారత్, పాకిస్తాన్, ఉత్తర కొరియా సంతకమే పెట్టలేదు. రష్యా 2023లో తన ఆమోదాన్ని వెనక్కి తీసుకుంది. చట్టం లేదు గానీ పోలీసు ఉన్నాడు.

ఆ పోలీసు చూపుకూ హద్దుంది. 1998 మే 13న పోఖ్రాన్‌లో కిలోటన్ను కంటే తక్కువ శక్తి గల రెండు పరికరాల్ని పేల్చామని భారత్ ప్రకటించింది. బయటి కేంద్రాలకు అవి చిక్కలేదు. అంతకు రెండు రోజుల ముందరి హైడ్రోజన్ బాంబు శక్తి ఎంతన్నది ఇప్పటికీ వివాదమే. మన శాస్త్రవేత్తలు చెప్పిన దానికంటే తక్కువని విదేశీ భూకంప శాస్త్రజ్ఞులు అన్నారు. ఆ పరీక్షల్లో పాల్గొన్న కె. సంతానమే 2009లో అది అనుకున్నంతగా పేలలేదని బహిరంగంగా చెప్పి దుమారం లేపారు.

బిల్లు ఎవరికి వచ్చింది

1951లో నెవాడాలో పరీక్షలు మొదలవగానే కొడాక్ కర్మాగారమున్న రోచెస్టర్‌లో రేడియోధార్మిక మంచు కురిసింది. కంపెనీ దావా వేస్తామని బెదిరించింది. అమెరికా అణుశక్తి సంఘం దిగివచ్చి, ధూళి ఎటు వెళ్లొచ్చో ముందుగా చెబుతామని ఒప్పుకుంది. ఫిల్ముల్ని కాపాడారు. పాలు తాగే పిల్లలున్న ఇళ్లకు ఆ సమాచారం ఇవ్వలేదు. ఈ ఒక్క విషయం చదివినప్పుడల్లా నాకు మిగతా లెక్కలన్నీ చిన్నవిగా కనిపిస్తాయి.

నెవాడా ధూళి బాధితులకు పరిహార చట్టం 1990లో వచ్చింది. మొదటి బాంబు పక్కనున్న న్యూమెక్సికో జనం అందులో లేరు. వాళ్లను చేర్చింది 2025లో. మార్షల్ దీవుల క్లెయిముల ట్రైబ్యునల్ 200 కోట్ల డాలర్లకు పైగా పరిహారం తేల్చింది. చెల్లించడానికి పెట్టిన నిధి 15 కోట్ల డాలర్లు. తీర్పుల్లో చాలా భాగం కాగితం మీదే ఉంది. అక్కడి రునిట్ దీవిలో ఒక పాత పేలుడు గుంటలో మలిన మట్టిని నింపి, 1980 నాటికి కాంక్రీటు గుమ్మటం కట్టారు. గుంట అడుగున ఏ పొరా వేయలేదు. కింద పగడపు రాయి, దాని సందుల్లో సముద్రపు నీళ్లు.

సోవియట్ యూనియన్ కజకిస్తాన్‌లోని సెమిపలాటిన్‌స్క్‌లో 1949 నుంచి 1989 వరకు 456 పరీక్షలు చేసింది. ప్రజా ఉద్యమం వల్ల 1991లో ఆ మైదానం మూతపడింది. దేశం విడిపోయాక సైన్యం వెళ్లిపోయింది, కాపలా పోయింది. డెగెలెన్ కొండ సొరంగాల్లో, పూర్తిగా పేలని ప్రయోగాల తాలూకు ప్లుటోనియం మిగిలే ఉంది. ఉద్యోగాలు పోయిన జనం రాగి తీగల కోసం అవే సొరంగాల్ని తవ్వడం మొదలుపెట్టారు. బాంబుకు పనికొచ్చే పదార్థానికీ పాతసామాను ఏరుకునేవాళ్లకూ మధ్య అడ్డంగా ఉన్నది మట్టి ఒక్కటే. అమెరికా, రష్యా, కజకిస్తాన్ గుట్టుగా కలిసి 1996 నుంచి 2012 దాకా ఆ సొరంగాల్ని ప్రత్యేక కాంక్రీటుతో నింపాయి. ఖర్చు సుమారు 15 కోట్ల డాలర్లు. పర్యావరణ సమస్య ఏది, పేదరికం ఏది, భద్రత ఏది అని ఇక్కడ విడదీసి చూపడం ఎవరివల్లా కాదు.

మన బిల్లు మరో రూపంలో వచ్చింది. 1974 మే 18న పోఖ్రాన్ పేలుడు తర్వాత కెనడా అణు సహకారం ఆపేసింది. రాజస్థాన్ రెండో రియాక్టర్ సగంలో చిక్కుకుంది. భారజలం, విడిభాగాలు మనమే తయారుచేసుకోక తప్పలేదు. ఆ తోవలో తర్వాత వచ్చిన కర్మాగారాల్లో మణుగూరుది ఒకటి. అణు సరఫరా దేశాల బృందం పుట్టిందే ఆ పేలుడుకు జవాబుగా.

1998 మే తర్వాత ఆంక్షలు వచ్చాయి. జపాన్ కొత్త రుణాలు నిలిపేసింది. ప్రపంచ బ్యాంకు భారత్‌కు సంబంధించిన రుణాల్ని వాయిదా వేసింది. ఆనాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆర్థిక పునర్వ్యవస్థీకరణకు కోరిన సుమారు 54 కోట్ల డాలర్ల రుణం ఆ సందిగ్ధంలోనే పడింది. అది పేదల కనీస అవసరాలకు సంబంధించినదన్న మినహాయింపుతో జూన్ చివరికి ఆమోదం పొందింది. హైదరాబాద్‌లోని డీఆర్‌డీఎల్, భారత్ డైనమిక్స్ వంటి సంస్థలు అమెరికా నిషేధిత జాబితాకెక్కాయి. తేజస్ యుద్ధ విమానపు నియంత్రణ వ్యవస్థ మీద అమెరికాలో సాగుతున్న పని ఆగిపోయి, మన ఇంజినీర్లు తిరిగి రావాల్సి వచ్చింది. ఆంక్షలు దేశాన్ని కుంగదీయలేదు, నిజమే. కొన్నిచోట్ల స్వయంసమృద్ధికి దారితీశాయన్నదీ నిజమే. పోయిన కాలాన్ని మాత్రం ఆ లెక్కలో ఎవరూ చూపరు.

మళ్లీ పేలిస్తే ఎవరికి లాభం

పరీక్ష ఎదుటివాణ్ని భయపెట్టి భద్రత తెస్తుందని వాదన. 1998 మే 11 నాటి మన పరీక్షలకు 17 రోజుల తర్వాత పాకిస్తాన్ చాగాయ్ కొండల్లో తన బాంబులు పేల్చింది. మరుసటి ఏడాది వేసవిలో కార్గిల్ యుద్ధం. అణుబాంబులున్నాయి గనకే అది పెద్ద యుద్ధంగా మారలేదని కొందరంటారు. అవి ఉన్నాయన్న ధీమాతోనే పాకిస్తాన్ చొరబడిందని ఇంకొందరు. ఒకే సాక్ష్యం మీద రెండు వ్యతిరేక తీర్పులు నిలబడుతున్నప్పుడు, ఆ సాక్ష్యంతో కొత్త పరీక్షల్ని సమర్థించడం నాకు కుదరదనిపిస్తుంది.

2025 అక్టోబర్ చివర అమెరికా అధ్యక్షుడు ట్రంప్ పరీక్షలు మళ్లీ మొదలుపెట్టాలని ప్రకటించడంతో ఈ చర్చ తిరిగి లేచింది. ఆయన ఇంధన మంత్రి అవి అణుపేలుళ్లు కావని సర్దిచెప్పారు. భావాలు పక్కనపెట్టి లెక్క చూద్దాం. అమెరికా చేసిన పరీక్షలు వెయ్యికి పైగా. 1992లో ఆపాక కూడా ఆ సమాచారాన్ని సూపర్ కంప్యూటర్లకు ఎక్కించి, లేజర్లతో చిన్న ప్రయోగాలు చేస్తూ ఆయుధాల ఆరోగ్యాన్ని ఏటా చూసుకుంటోంది. చైనా చేసినవి 45. అందరూ మళ్లీ పేల్చడం మొదలుపెడితే కొత్తగా నేర్చుకునేది ఎక్కువ ఎవరికి? తక్కువ చేసినవాళ్లకే. ముందున్నవాడు తలుపు తీస్తే వెనకున్నవాడు లోపలికి వస్తాడు.

భారత్ కూడా తక్కువ చేసిన జాబితాలోనే ఉంది. హైడ్రోజన్ బాంబు మీద సందేహం మిగిలే ఉంది గనక, అవకాశమొస్తే మనమూ మరోసారి పేల్చాలనే గొంతులు ఇక్కడ లేకపోలేదు. కానీ 2008 సెప్టెంబర్‌లో అణు సరఫరా దేశాల బృందం మనకు తలుపు తెరిచింది, స్వచ్ఛందంగా పరీక్షలు ఆపామన్న మన ప్రకటనను చూసే. అమెరికాతో ఒప్పందం కూడా, మనం పేలిస్తే సహకారాన్ని రద్దు చేసుకునే హక్కును వాళ్ల చేతిలో ఉంచింది. ఆ తలుపు గుండా వచ్చినదాంట్లో ముఖ్యమైంది కజకిస్తాన్ యురేనియం. 456 పేలుళ్లు భరించి, తన మైదానాన్ని తానే మూసుకున్న దేశం 2015లో మనకు 5,000 టన్నులు అమ్మడానికి ఒప్పుకుంది. దిగుమతైన యురేనియం హైదరాబాద్ ఈసీఐఎల్ దగ్గరున్న న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో ఇంధన కడ్డీలుగా మారి రాజస్థాన్ రియాక్టర్లకు వెళుతుంది. పోఖ్రాన్‌లో ఇంకోసారి భూమి కదిలితే గౌరిబిదనూరు మాపకాల తర్వాత త్వరలోనే ఆ సంగతి తెలిసేది ఆ కాంప్లెక్స్ గోదాములకు.